గొంతు మింగే గది

నాచారంలో మూతపడ్డ దారం మిల్లు వెనక ఓ మేడ ఉంది. దాని పైగదికి మంచి పేరు లేదు. అక్కడ మాట్లాడితే గొంతు పోతుందంటారు. ఎవరి గొంతు పోయిందో అడగండి — ఒక్కరూ చెప్పరు! అయినా చీకటి పడ్డాక ఆ మెట్లెక్కరు.

జీవన్ ఆ గదే అద్దెకు తీసుకున్నాడు. శబ్దాలు మార్చే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు, నిశ్శబ్దం కావాలి కదా. అతను చెప్పిన సంగతే ఇది.

తెల్లారితే ఉప్పల్‌లో దసరా నాటకం. అందులో మహిషాసురుడు జీవన్ స్నేహితుడు దయాకర్. మనిషి కొండంత, గొంతు మాత్రం పీల. పోయినేడు "ఓరీ ఇంద్రా!" అనగానే జనం పడీపడీ నవ్వారు. ఈసారీ నవ్వితే ఇక వేషమే కట్టనని ఒట్టేసుకున్నాడు పాపం. అందుకే అతని గొంతును రాక్షసుడి గొంతుగా మార్చే ప్రోగ్రాం రాశాడు జీవన్.

ఆ రాత్రి మైక్ ముందు నిలబడి దయాకర్ అరిచాడు — "ఓరీ ఇంద్రా!"

స్పీకర్‌లో చప్పుడు లేదు. లాప్‌టాప్ తెర మీద శబ్దాన్ని చూపే గీత కదల్లేదు. తప్పేమిటో కంప్యూటర్ ఒక్క ముక్క చెప్పదు...

జీవన్ మైక్‌ని చివరికంటా పెంచాడు. వైరు మార్చాడు. లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాడు. ఊహూఁ. అదే మైక్‌తో మీటింగ్ యాప్‌లో మాట్లాడితే చక్కగా వినపడుతోంది!

"అన్నా... గది మింగుతుందే," గుసగుసలాడాడు దయాకర్. "పోదాం పా."

"జర ఆగు."

ఏ యాప్‌కి మైక్ వాడే అనుమతి ఇచ్చామో సెట్టింగుల్లో చూశాడు జీవన్. మీటింగ్‌కి ఉంది. తన ప్రోగ్రాంకి — లేదు. ఎవరో "వద్దు" అని నొక్కారు. తను తప్ప ఆ గదిలోకి ఎవరొస్తారు?

మైక్ ఇచ్చి, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరుస్తూ గొణిగాడు. "నేనైతే నొక్కలే... మరి ఎవరు నొక్కిన్రు?"

తెర మీద గీత వణికింది.

"నేనే... నొక్కిన..."

గోడలు అదిరాయి. దయాకర్ పెట్టిన కేకకు బోడుప్పల్ దాకా కుక్కలు మొరిగి ఉంటాయి!

గుమ్మంలో సాంబ్రాణి పొగ. పొగ వెనక ఇల్లుగలామె కౌసల్యమ్మ, రిటైరైన టీచరు.

"సందెల పొగ ఏద్దామని ఓసారి వస్తే నువ్వు చాయ్‌కి పోయినవు. మైక్ ఇయ్యాల్నా అని తెర మీద ఏందో అడుగుతుంది. మోసగాళ్లు గిట్లనే అడుగుతరని టీవీల రోజూ చెప్తలేరా? వద్దని నొక్కిన. తప్పా?"

ప్రతి మాటా రాక్షసుడి గొంతులో మోగింది. ముందు ఆమే బెదిరింది. తర్వాత ఓసారి దగ్గి, విని, ముచ్చటపడింది.

ప్రోగ్రాం బాగుపడింది. కానీ ఆ కేకతో దయాకర్ గొంతు బొంగురుపోయి మాటే పెగల్లేదు. మర్నాడు స్టేజీ మీద అతను పెదాలాడించాడు. తెర వెనక నాటకం పుస్తకం చూస్తూ కౌసల్యమ్మ జీవన్ మైక్‌లో మాట్లాడింది. ఒక్కరూ నవ్వలేదు. పిల్లలు అమ్మల కొంగుల్లో దూరారు. దయాకర్‌కి కళ్లనీళ్లు తిరిగాయట.

అమ్మవారు శూలం దించింది. రాక్షసుడు దభీమని పడ్డాడు. జనం చప్పట్లకు చేతులెత్తారు...

"ఆగున్రి! అప్పుడే ఏం సస్త? నాకింకా రెండు పేజీలున్నయ్!" అన్నాడు చచ్చిన రాక్షసుడు.