రివర్స్ పడని ఫియట్

మధురానగర్‌లో ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి పగలూ రాత్రీ ఒకటే. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటు వెయ్యందే ఎవరి బండి వాళ్ళకి కనపడదు. జూలై వానలకి గోడలు చెమ్మగిల్లి, ఆయిల్ వాసనా తడి సిమెంటు వాసనా కలిసి ముక్కుకి పట్టేసేవి. అక్కడే, చివరి స్తంభం అవతల, గోడకి మూతి ఆనించి ఉండేది కేదార్ వాళ్ళ తాతగారి ఫియట్.

తాత హనుమత్ప్రసాద్ గారు పోయినేడు పోతూ పోతూ కారుని మనవడి పేర రాసిపోయారు. కేదార్‌కి ముప్పై ఆరేళ్ళు, పంజాగుట్టలో ఆఫీసు ఉద్యోగం. ఆ కారంటే వాడికి ప్రాణం, భయం కూడానూ. తాతగారి చెయ్యి ఊరుకునే చెయ్యి కాదు మరి. నౌకర్లనీ, మనవళ్ళనీ, కూరలో ఉప్పెక్కువైతే కట్టుకున్న భార్యనీ ఒకేలా చాచి కొట్టిన మనిషి. వెనక సీటు మీద ఐస్‌క్రీం ఒలకబోసినందుకు ఏడేళ్ళప్పుడు కేదార్ చెవిలోంచి నెత్తురొచ్చింది. ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు.

అయినా చిత్రం చూడండి, అదే కారుని తళతళలాడించి, కూతురు సంహితని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాలని వాడి కోరిక. ఆరేళ్ళ పిల్ల. దాని మీద ఈగ వాలనివ్వడు, ఇంతవరకూ ఒక్క దెబ్బ వెయ్యలేదు. "నేను తాతయ్యలాంటి వాణ్ణి కాదు" అని భార్య మంజూషతో వారానికోసారైనా అనేవాడు. ఆవిడ అడక్కుండానే అనేవాడు.

ఆ కారుకో వింత ఉంది. రివర్స్ గేరు పడదు. కేదార్ పుట్టిన ఏడాది నుంచీ పెద్దాయన ఆ కారుని ఒక్క గజం వెనక్కి నడపలేదు. ఎక్కడ ఆపినా మళ్ళీ ముందుకే పోయేలా ఆపేవారు. దారి తప్పితే బేగంపేట దాకా పోయి తిరిగొచ్చేవారు. పాడైందర్రా అనేవారు. ముసలాయన పిసినారితనమని ఇంట్లో వాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు.

బాగుచెయ్యడానికి సురేందర్ దొరికాడు. అమీర్‌పేట సందులో రేకుల షెడ్డు వాడిది, పాత ఫియట్లకి పెట్టింది పేరు. ఆదివారాలు సెల్లార్‌కే వచ్చి పని చేసేవాడు. సంహితకి వచ్చినప్పుడల్లా ఒక నట్టో బోల్టో ఇచ్చి దాచుకొమ్మనేవాడు. ఒకరోజు కారు కింద నుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఖరాబ్ యాడైంది భాయ్? గేరు రాడ్డుకు ఇనుప ముక్క అడ్డం పెట్టి ఎవడో కావాల్నని వెల్డింగ్ కొట్టిండు. గీ బండి వెనక్కి పోవద్దని."

కేదార్ పైకెళ్ళి నాయనమ్మ సీతామహాలక్ష్మిని అడిగాడు. ఎనభై రెండేళ్ళ మనిషి. కాఫీ గ్లాసు పెదాల దాకా పోయి ఆగిపోయింది.

"దాన్నలాగే ఉండనీ నాన్నా" అంది. గ్లాసు అక్కడే పెట్టి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఉండనిస్తాడా? తర్వాతి ఆదివారమే సురేందర్ ఆ ముక్కని గ్రైండరుతో కోసేశాడు. నిప్పురవ్వలు లేచాయి. కాలిన ఇనుము వాసన రావాలి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. సురేందర్ చొక్కా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడే డిక్కీ మీద ఎవరో అరచేత్తో చరిచినట్టు రెండు చప్పుళ్ళు... ఇద్దరూ వెళ్ళి చూశారు. వెనక ఎవరూ లేరు. పిల్లి అయ్యుంటదిలే అన్నాడు సురేందర్. అని, ఆవేళ పని మధ్యలోనే ఆపేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ వచ్చే ఆదివారం కారు బయటికి తియ్యాలి. సాయంత్రం నాలుగైంది. బయట కుండపోత. మంజూష డ్యూటీకి వెళ్ళింది, సంహిత పైన తాతమ్మ పక్కన పడుకుంది. తాత పోయాక నలుగురు తోసుకొచ్చి పెట్టిన కారు, మూతి గోడకి ఉంది కాబట్టి ముందు వెనక్కి రావాలి. పెయింటు తగలకుండా వెనకద్దానికి అంటించిన పేపరు ఇంకా తియ్యలేదు. పక్కద్దాలు బిగించలేదు. కేదార్‌కి వెనక చీమంత కూడా కనపడదు.

"ఫికర్ చెయ్యకు భాయ్. నేనున్న గద" అని సురేందర్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

గేరు వెన్నలా పడింది. కారు కదిలింది. డిక్కీ మీద రెండు చరుపులు.

"రానీ... రానీ..."

కేదార్ క్లచ్చి వదిలాడు. సురేందర్‌కి జలుబు చేసిందేమో, గొంతు బొంగురుగా ఉందనుకున్నాడు.

"రానీ... రానీ... రానీ..."

గొంతు తొందర పెడుతోంది. కేదార్ యాక్సిలరేటరు ఇంకాస్త నొక్కాడు. ఏదో చిన్న కేక. వెంటనే మెత్తగా ఒక దెబ్బ. తర్వాత, మెత్తగా కాదు... పటపటమని.

"రానీ..."

కేదార్ తలుపు తోసుకుని దిగాడు. నాలుగు గజాల అవతల నేల మీద సంహిత పడి ఉంది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కళ్ళు తెరుచుకుని అటే చూస్తోంది. కారుకీ స్తంభానికీ మధ్య సురేందర్. బంపరు వాడి నడుములోకి దిగిపోయింది. వాలు మీంచి దిగిన వాననీళ్ళలో నెత్తురు కలిసి కాలవకట్టి డ్రైను వైపు పోతోంది. వాడి నోరు ఇంకా ఆడుతోంది. ఆ నోట్లోంచే వస్తోంది... రానీ, రానీ...

సురేందర్ చేత్తో తన దవడని గట్టిగా పట్టుకుని ఆపాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి.

"పాప ఎనకకొచ్చింది భాయ్... ఆపు అందామని చూసిన. మస్తు చూసిన. నా నోట్లకెళ్లి గదే వస్తుంది. గందుకే పాపను నూకేసిన..."

కేదార్ కార్లోకి వంగి గేరు తీసి ఇంజను ఆపేశాడు. తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. వాచ్‌మన్, మరో నలుగురూ పరిగెత్తుకొచ్చి కారుని ముందుకి తోశారు. కదల్లేదు. కదలకపోవడమేంటి... చక్రాలు వెనక్కే తిరుగుతున్నాయి. ఇంజను లేదు, తాళం లేదు. అంగుళం... ఇంకో అంగుళం. లోపల ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. సురేందర్ గుండెలవిసేలా అరిచి తల వాల్చేశాడు. అప్పుడు, ఇక చాలన్నట్టు, కారు దానంతటదే నాలుగడుగులు ముందుకి జరిగింది.

వాడికి నాడి ఇంకా ఉంది. ఎవరో అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. కేదార్ వాడి తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. స్పృహ లేని మనిషి పిడికిలి కేదార్ చొక్కాని పట్టుకుని వదలడం లేదు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. నాయనమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి, ఆ నెత్తురు చూసి, అక్కడే కూలబడింది. సంహితని దగ్గరికి లాక్కుని మనవడితో మెల్లిగా మాట్లాడింది.

"నువ్వు పుట్టిన ఏడాది ఐలయ్య అని మన డ్రైవరు ఉండేవాడురా. మీ తాతయ్య కొట్టబోతే ఒకరోజు ఆ చెయ్యి పట్టుకున్నాడు, నలుగురి ముందరా. మర్నాడు పొద్దున్న మన ఇంటి కారు షెడ్డులో వాణ్ణి వెనక నిలబెట్టి, కారు వెనక్కి తోలి చంపేశారు. ఆపండి సారూ, ఆపండి అని ఎంత అరిచాడో. ఆయన విన్నారు. వరండాలోంచి నేనూ విన్నాను."

"పోలీసులకి చెప్పలేదా?"

"చెప్పాను నాన్నా." ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "వాడే రానీ రానీ అన్నాడని చెప్పాను."

కేదార్ ఇన్నాళ్ళూ తాత చేతికి భయపడ్డాడు. నాయనమ్మ నోటి సంగతి వాడికి తెలీదు.

పైన సైరన్ వినపడింది. అంబులెన్స్ సెల్లార్ వాలు మీదికి వెనక్కి తిరిగి, మెల్లిగా దిగడం మొదలుపెట్టింది. తడి వాలు, బరువు బండి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక చూసి చెప్పండన్నా అని అడిగాడు. వాచ్‌మన్ జనాన్ని పక్కకి జరుపుతున్నాడు. నాయనమ్మ కొంగులో మొహం దాచుకుని ఏడుస్తోంది. ఆవిడ పక్కన పిల్ల లేదు.

కేదార్ తల తిప్పి చూశాడు. వాలు చివర, సరిగ్గా అంబులెన్స్ వెనక, వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది సంహిత.

ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు, ఆపమని.

"రానీ."

లేవబోయాడు. సురేందర్ పిడికిలి చొక్కాని వదల్లేదు. గుండీలు తెగాయి, పిడికిలి వదల్లేదు. మళ్ళీ అరిచాడు.

"రానీ... రానీ..."

రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నాలుక కొరుక్కున్నాడు. నోరంతా ఉప్పగా నెత్తురు. ఇప్పుడు వాడి నోట్లోంచి ఏ చప్పుడూ రావడం లేదు.

సంహిత చెయ్యి పైకెత్తింది. అంబులెన్స్ తలుపు మీద చిట్టి అరచేత్తో రెండుసార్లు చరిచింది. సెల్లార్‌లో బొంగురుగా ఒక మగగొంతు పలికింది.

డ్రైవరు సరేనని తల లోపలికి తీసుకుని, బ్రేకు మీంచి కాలు తీశాడు.