ఒక వేలికి రెండు కొలతలు

బొటనవేలు బంతిలోంచి ఊడి రానంది.

కుడిచేతికి వేలాడుతున్న బంతిని ఎడంచేత్తో పసిబిడ్డలా ఎత్తిపట్టుకుని, ఓ అబ్బాయి, బంతి దొర్లించి చెక్క పిన్నులు పడగొట్టే బౌలింగ్ హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుచుకుంటూ వచ్చాడు. వెనకాల జనం నవ్వుతున్నారు. నవ్వేవాళ్లకేం, వేలు వాళ్లది కాదుగా.

హాలు చివర అద్దాల గది. బంతులకు వేళ్లు దూరే చిల్లులు పెట్టే షాపు అది. అప్పుడు లోపల ముగ్గురున్నారు. డ్రిల్లు మిషను దగ్గర, పొడి కళ్లలో పడకుండా పెట్టుకునే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఓ అమ్మాయి. గల్లా దగ్గర ఆ అమ్మాయి మేనమామ, షాపు ఆయనదే. మూల స్టూలు మీద అమ్మాయి తల్లి. తల్లికి అక్కడ పనేమీ లేదు. డ్రిల్లులో కూతురి జడ ఎక్కడ చిక్కుకుంటుందోనని, ఒళ్లో వేణ్ణీళ్ల ఫ్లాస్కు పెట్టుకుని రోజూ వచ్చి కూర్చుంటుంది.

"ఈ చిల్లు ఇక్కడే వేశారు కదండీ?" అన్నాడు అబ్బాయి, బంతి చూపిస్తూ.

"ఓరి దేవుడా! ఈ అబ్బాయి వేలు కాస్తా పోతే పోలీసులు నా కూతురి కోసం వస్తారు!" అంది తల్లి.

"వేలు పోతుందా?" అబ్బాయి మొహం పాలిపోయింది.

"మా అమ్మ అంతేలెండి. తనవాళ్లకి ఏదో అయిపోతుందని భయం. మీ వేలి గురించి ఆవిడకేం బెంగ లేదు," అంటూ అమ్మాయి సబ్బునీళ్లు తెచ్చింది. "అబ్బా, లాగకండి. లాగితే ఇంకా బిగుసుకుంటుంది. చెయ్యి వదులుగా ఉంచండి."

"మీరలా పట్టుకుంటే వదులుగా ఎలా ఉంచనండీ?"

అమ్మాయి తలెత్తింది. అబ్బాయి చటుక్కున కిటికీ వైపు చూశాడు. బయట వాన. కిటికీ అద్దం మీద ఓ చినుకు ఇంకో చినుకుని వెతుక్కుంటూ జారింది. హాల్లో ఎక్కడో దూరంగా బంతి దొర్లుతున్న చప్పుడు, ఉరుములా మొదలై కలలా ఆగిపోయింది.

వేలు 'టప్' మని ఊడొచ్చింది. ఎర్రగా కందింది గానీ ప్రాణం ఉంది.

మేనమామకి మాత్రం కోపం దిగలేదు. "చూడు చిట్టీ, కొత్త బంతి అప్పుడే వెనక్కొచ్చింది. ఇంకోసారి ఇదే బంతి తిరిగొచ్చిందంటే ఆ కళ్లద్దాలు కొక్కేనికి తగిలించి గల్లా దగ్గర కూర్చో. డ్రిల్లు నేను చూసుకుంటా."

ఆ మాటకి తల్లి మొహం వెలిగింది. కూతురి మొహం ఆరిపోయింది.

ఆ డ్రిల్లు కోసం ఆ పిల్ల పట్టిన పట్టు అంతా ఇంతా కాదు. ఆడపిల్లకి మిషనెందుకన్నారు, కన్ను పోతుందన్నారు. అయినా వదల్లేదు. కొలత సరిగ్గా కుదిరిన బంతిని మనిషి మొదటిసారి ఎత్తినప్పుడు, ఆ మొహంలో ఏదో విచ్చుకుంటుంది. ఇన్నాళ్లూ మోసింది బరువు కాదన్నట్టు. అది చూడ్డం కోసమే ఆ పిల్ల పొద్దున్నే లేస్తుంది.

సొరుగులోంచి అబ్బాయి కార్డు తీసింది. బొటనవేలి సైజు, వేళ్ల మధ్య దూరం, చిల్లుల వాలు, అన్నీ తన చేతిరాతే. రకరకాల చిల్లులున్న కొలత బంతి తెచ్చి, వేలు మళ్లీ పెట్టించింది. కార్డులో ఉన్న సైజులో పట్టలేదు. రెండు సైజులు పెద్దది పట్టింది.

"కిందటిసారి మీ చెయ్యి మంచుగడ్డలా ఉంది. ఇప్పుడేంటి, కుంపటిలా ఉంది?"

"ఆ రోజు వానలో తడిసొచ్చాను కదండీ," అన్నాడు, కళ్లు దించుకుని.

ఇవాళా వానేగా, అనుకుంది గానీ పైకి అనలేదు. తప్పు తనదే అనుకుంది. కార్డు మీద పాత సైజు కొట్టేసి కొత్తది వేసింది. పాత చిల్లుని రెసిన్ జిగురుతో పూడ్చింది. అది గట్టిపడ్డాక మళ్లీ వెయ్యాలి.

మర్నాడు అబ్బాయి వచ్చాడు. "ఎండిందాండీ?"

"ఎండింది. వేస్తున్నా. రేపు రండి."

"తొందరేం లేదండీ. బాగా ఎండనివ్వండి. ఇంకో వారమైనా పర్లేదు."

"రెసినా, అప్పడమా?"

వేసిన చిల్లుకి నునుపు పట్టించడానికని ఓ రోజు, అంచు గీసుకుంటుందేమో చూడ్డానికని ఓ రోజు వచ్చాడు. అంచుదేముంది, అద్దంలా ఉంది. ఆ అబ్బాయి వచ్చే వేళకి అమ్మాయి జడ ముందుకి వేసుకోవడం, మళ్లీ డ్రిల్లు గుర్తొచ్చి వెనక్కి వేసుకోవడం తల్లి చూడకపోలేదు. చూసి, జడ గురించే భయపడింది.

చివరికి ఓ సాయంత్రం గుమ్మంలోకి వస్తూనే బంతి అందుకుని నేరుగా ఆటకి వెళ్లాడు. అమ్మాయి అద్దాల గోడ దగ్గర నిలబడి చూసింది. చెయ్యి వెనక్కి ఊపాడు. బంతి ముందుకి పోలేదు. చేతిలోంచి జారి, వెనకాల బల్ల కింద దూరి, ఎవరివో చెప్పులు పట్టుకుపోయింది.

"వదులైపోయిందండీ," అన్నాడు తిరిగొచ్చి.

"అప్పుడు బిగువు, ఇప్పుడు వదులు! ఒక వేలికి రెండు కొలతలా?" అని మేనమామ చెయ్యి చాపాడు. అమ్మాయి కళ్లద్దాలు తీసి ఆ చేతిలో పెట్టింది.

కూతురు ఇక డ్రిల్లు ముట్టదు. తల్లి కోరుకున్నదీ అదే. కానీ ఆ రాత్రి పిల్ల అన్నం సగంలో లేస్తే, ఆవిడకి ఇంకో భయం పట్టుకుంది.

మర్నాడు అబ్బాయి వచ్చేసరికి అమ్మాయి గల్లా దగ్గర ఉంది.

"మీ కళ్లద్దాలేవండీ?"

"మీ బంతి తీసేసుకుంది."

అబ్బాయి తిన్నగా మేనమామ దగ్గరికి వెళ్లాడు. "ఆవిడ కొలత తప్పు కాదండీ. రెండూ కరెక్టే. నేనే చెప్పలేదు. నేను కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాను. ఐస్‌క్రీమ్ పెట్టెలు మోస్తాను. షిఫ్టు అవగానే ఇటే పరిగెత్తుకొస్తా. అప్పుడు వేళ్లు బిగుసుకుపోయి సన్నగా ఉంటాయి. నాలుగు బంతులేసి వేడెక్కాక ఉబ్బుతాయి."

"మరి ఆ ముక్క మొదటిరోజే చెప్పి ఏడవొచ్చుగా?"

"మొదటిరోజు ఈవిడ నా చెయ్యి పట్టుకుని 'బాబోయ్, చలి' అని వదిలేసిందండీ. ఎప్పుడూ ఇంతేనని చెబితే మళ్లీ పట్టుకోదేమోనని..."

"ఎందుకు పట్టుకోవాలి?"

"కొలతకేనండీ," అన్నాడు అబ్బాయి. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మేనమామ మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "ఏమ్మా డ్రిల్లింగ్ మేడం, మరి దీనికి మందేంటి?"

అమ్మాయి ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు లేచింది. "చెయ్యి వేడిగా ఉన్నప్పటి సైజే ఉంచేస్తా మావయ్యా. చల్లగా ఉన్నప్పుడు చిల్లు లోపల టేపు ముక్కలు అంటించుకోవాలి. వేలు ఉబ్బిన కొద్దీ ఒక్కోటి పీకెయ్యాలి. ఎన్ని ముక్కలో కార్డులో రాస్తా. కానీ ముందు ఒకసారి చల్లగా, ఒకసారి వెచ్చగా కొలవాలి."

మేనమామ తను పెట్టుకున్న ఆ కళ్లద్దాలు తీసి మేనకోడలి చేతిలో పెట్టాడు. "కానివ్వు. ఈసారి మాత్రం మనిషిని కూడా సరిగ్గా కొలువు."

చల్లటి కొలత క్షణంలో అయిపోయింది. వెచ్చటి కొలతకే టైం పట్టింది. తల్లి ఫ్లాస్కులోంచి గ్లాసు నిండా వేణ్ణీళ్లు పోసి ఇచ్చింది. అబ్బాయి గ్లాసు పట్టుకున్నాడు. గ్లాసు చల్లారింది గానీ చెయ్యి వేడెక్కలేదు. అమ్మాయి గ్లాసు పక్కన పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. బయట వాన సన్నగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు పడుతోంది. హాల్లో దీపాలన్నీ తడి అద్దంలో కరిగి రంగురంగుల మరకలయ్యాయి.

"ఇంకా వేడెక్కలేదా?" అంది మెల్లగా.

"ఎప్పుడో ఎక్కిందండీ. మీరే వదల్లేదు."

వదిలెయ్యబోయింది. ఈసారి అతను వదల్లేదు.

"అందరి కొలతలూ మీరు రాస్తారు. మీ చేతికి కార్డేదండీ?"

"నాకెవరు తీస్తారు? ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"నేనడుగుతున్నానుగా."

అమ్మాయి ఓ ఖాళీ కార్డు తీసి అతని ముందుకి జరిపింది. పేరు రాసేచోట తనే రాసింది. మిగతా గళ్లు ఖాళీగా వదిలేసింది. ఆ తర్వాత తల్లి వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఆవిడ ఒప్పుకోకపోతే? అసలే కాదనడానికి వెయ్యి భయాలున్న మనిషి.

తల్లి స్టూలు మీద నుంచి లేచింది.

"బాబూ, ఆ కోల్డ్ స్టోరేజీ తలుపు... నువ్వు లోపలుండగా మూసుకుపోతే?"

"లోపల్నుంచి కూడా తెరుచుకుంటుందండీ."

"గడ్డకట్టి తెరుచుకోకపోతే?"

"గంట ఉంటుందండీ. కొడితే బయటివాళ్లొస్తారు."

"కరెంటు పోతే గంటెలా మోగుతుంది? లోపలికెళ్లేటప్పుడు ఎవరికైనా చెప్పి వెళ్తావా? ఛాతీకి ఉన్ని వేసుకుంటావా? అయ్యో, ఈ వానలో బండి మీద వచ్చావా? బ్రేకులు సరిగ్గా ఉన్నాయా?"

అమ్మాయి కళ్లద్దాలు గబుక్కున కళ్ల మీదికి దించుకుంది. డ్రిల్లు ఇంకా ఆన్ చెయ్యనేలేదు.

"అయిపోయావయ్యా," అన్నాడు మేనమామ, అబ్బాయి భుజం తట్టి. "మా చెల్లి నీకోసం భయపడ్డం మొదలెట్టింది. ఇక జన్మకి ఆపదు."

అబ్బాయికి ఆ మాట సగమే అర్థమైంది. తలూపి, బంతి సంచీ భుజాన వేసుకుని వానలోకి వెళ్లాడు. బండి ఎర్రదీపం మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా తల్లి గుమ్మంలోనే నిలబడింది. తర్వాత కొంగుతో అద్దం మీది తేమ తుడిచి, ఇంకోసారి రోడ్డు వంక చూసింది.

"చిట్టీ, ఆ అబ్బాయి నంబరు కార్డులో ఉందా?"

"ఉందమ్మా."

"ఇంటికి చేరగానే ఫోన్ చెయ్యమను."