కుక్కర్ వెనక మంచుకొండ

"ఈ ఫోటో ఎక్కడిది?"

చీఫ్ రామ్మోహనరావు అడిగేసరికి కేదార్ కుర్చీలో మళ్ళీ కదిలాడు. కుదురుగా కూర్చోవడం అతనికి పుట్టుకతోనే రాలేదు. ఎర్రమంజిల్ ప్రభుత్వ క్వార్టర్ల వెనక, 'పర్యాటక గణాంకాల విభాగం' అని బోర్డు తగిలించుకున్న ఆ ఆఫీసులో పర్యాటకుల లెక్కలు చూసే నాథుడే లేడు. అది సీక్రెట్ సర్వీస్ వారి హైదరాబాద్ స్టేషన్. కేదార్ అందులో ఫీల్డ్ ఏజెంట్.

స్క్రీన్ మీద కిటికీ నిండా మంచుకొండలు. ముందు కుర్చీలో నలభై దాటిన ఒక తెలుగావిడ. ఒంటి మీద ఉన్నికోటు ఉంది, ముఖాన నవ్వు మాత్రం లేదు.

"జార్జియా దేశం. కజ్బెగి," అన్నాడు కేదార్.

"వాట్సాప్ గ్రూపులో అందరూ అదే చెప్పారు. చప్పట్లు కూడా కొట్టుకున్నారు." చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ పేరు విజయరాణి. భర్త శివరాములు గారు మన రాడార్ ప్రాజెక్టులో సీనియర్ ఇంజినీర్. ఆవిడకి టూర్లంటే పిచ్చి. 'ఎక్కడో చెప్పుకోండి' అని ఒక గ్రూపుంది. తిరిగొచ్చిన వాళ్ళు ఫోటో పెడతారు, మిగతా ప్రయాణికులు అది ఏ ఊరో ఊహించాలి. అందులో గెలిచారు, ఫ్రీ టూర్ అంటూ ఎవరో ఫోన్ చేశారు. ఎయిర్‌పోర్టు క్యాబ్ ఎక్కింది. ఆవిడ ఫోన్ నుంచి గ్రూపుకి ఫోటోలు వస్తున్నాయి. మొగుడికి మాత్రం బెదిరింపు వచ్చింది."

"ఎవరి నుంచి?"

"మెరిడియన్. అదే, ఆ విదేశీ ముఠా. ఈ సాయంత్రం ఆరింటికి పంజాగుట్ట మాల్‌లో రాడార్ కోడ్ ఉన్న పెన్‌డ్రైవ్ వాళ్ళ చేతిలో పెట్టాలి. పెట్టేముందు భార్యని వీడియో కాల్‌లో చూపిస్తారు. పెట్టకపోతే ఆవిడ ఇక రాదు."

"నిజంగా దేశం దాటిందా?"

"పాస్‌పోర్టు దాటింది. పైగా అక్కడ రాగసుధ ఉంది."

రాగసుధ పేరు వింటే సర్వీసులో సగం మంది మగవాళ్ళు చొక్కా సరిచేసుకుంటారు. ఆమె నడిచొస్తే రాయబారులు రహస్యాలు జేబులోంచి తీసి ఇచ్చేవాళ్ళు. మెరిడియన్‌లో చేరినట్టు నటిస్తూ మన కోసం పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె రిపోర్టు చీఫ్ చదివాడు: "టార్గెట్‌ని చూశాను. గట్టి కాపలా. రెస్క్యూ అసాధ్యం."

"కాబట్టి," అన్నాడు చీఫ్, "పెన్‌డ్రైవ్ చేతులు మారకూడదు. ఇచ్చే క్షణంలో మన ఏజెంట్ అనుదీప్ శివరాములు గారిని పట్టుకుంటాడు. నువ్వాయన్ని మాల్ దాకా చేర్చు."

"మరి ఆవిడ?"

చీఫ్ కళ్ళజోడు పెట్టుకుని ఇంకో ఫైలు తెరిచాడు. కేదార్‌కి ఒళ్ళు మండింది. ఆ మంట కక్కే చోటు కాదని లేచి వచ్చేశాడు.

పంజాగుట్ట చౌరస్తాలో కారు చిక్కుకుంది. ముందు బస్సు, వెనక బస్సు, మధ్యలో హారన్లు. డ్రైవర్ పక్కన కేదార్ మోకాలు ఆగకుండా ఊగుతోంది. వెనక సీట్లో శివరాములు పెన్‌డ్రైవ్‌ని పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్ తనకి అండగా ఉందని నమ్ముతున్నాడాయన. ఆ నమ్మకం చూడలేక కేదార్ ముందున్న అద్దం పక్కకి తిప్పేశాడు.

"జర చూడు సార్, గీ ఫోటో." శివరాములు ఫోన్ చాపాడు. "నా పెండ్లాం ఫోటోల నవ్వకుంట ఉండదు. గిప్పుడు నవ్వుతలేదు. కోడ్ ఇచ్చుడు తప్పే, నాకెర్కనే. కానీ ఆమె లేని ఇంట్ల నేనేం జెయ్యాలె?"

"ఆవిడ ఆ గ్రూపు ఆటలో బాగా గెలిచేదా?"

"ఆమెదే మొదటి జవాబు ఎప్పుడైనా. కొండలు, సముద్రాలు చూడదు. నడిమిట్ల ఉన్నది ఎవరన్న దొంగది పెట్టొచ్చు, అంచులల్ల చూడాలె అంటది. గా పిచ్చి నాకు సుత అంటించింది."

కేదార్ మోకాలు ఊగడం ఆగింది. ఫోన్ లాక్కుని ఫోటోని వేళ్ళతో పెద్దది చేశాడు. అంచులు. కుడివైపు కింద, కోటు కొసకి ఆనుకుని, చిన్న రైస్ కుక్కర్. ఎర్ర లైటు వెలుగుతోంది.

"ఈ కుక్కర్?"

"ఆమెదే. యే దేశం పోయినా ఎంబడి ఉండాలె. బయటి అన్నం ముట్టదు."

కుక్కర్ వైరు గోడ దాకా వెళ్ళింది. గోడకి మూడు గుండ్రటి రంధ్రాల ప్లగ్ పాయింట్, పక్కనే స్విచ్. కేదార్ జార్జియాలో ఒక చలికాలమంతా పనిచేశాడు. అక్కడి ప్లగ్ పాయింట్లకి రెండే రంధ్రాలు, స్విచ్ ఊసే ఉండదు. మన ప్లగ్గు పెట్టాలంటే అడాప్టర్ కావాలి. ఈ ఫోటోలో అడాప్టర్ లేదు.

కుక్కర్ వెనక రెండు ప్లాస్టిక్ కూర ప్యాకెట్లు. ఊళ్ళో కర్రీ పాయింట్లన్నీ రబ్బరు బ్యాండ్లు వేస్తాయి. వీటి మూతికి ఆకుపచ్చ నూలు దారం కట్టి ఉంది. ఒంటరి బతుకు బతికే గూఢచారికి అమ్మ చేతి వంట ఉండదు, కర్రీ పాయింటే ఉంటుంది. కేదార్ రోజూ రాత్రి అదే ఆకుపచ్చ దారం పళ్ళతో తెంపుతాడు. సిరిసిల్ల నుంచి వచ్చి అమీర్‌పేటలో కర్రీ పాయింట్ పెట్టిన బుచ్చయ్య, మగ్గాల దగ్గర మిగిలిన నూలుతోనే ఇప్పటికీ ప్యాకెట్లు కడతాడు.

"శివరాములు గారూ, ఆవిడ జార్జియాలో లేదు. అమీర్‌పేటలో ఉంది."

శివరాములు ముందు సీటు మీదికి వంగాడు.

"వీడియో కాల్ వచ్చాక ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. నేను చెప్పేదాకా పిడికిలి తెరవకండి."

కారు దిగి మెట్రో మెట్ల వైపు పరుగెత్తాడు. పంజాగుట్ట నుంచి ఒక్క స్టేషనే, అయినా రైలు తలుపులు మూసుకునేదాకా ప్రాణం కుదుటపడలేదు. చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"కుక్కర్ చూసి ఆపరేషన్ మార్చమంటావా? ఏంటయ్యా ఇది?" చీఫ్ గొంతు పెంచాడు. "రాగసుధ కళ్ళారా చూశానంటోంది. ఆరింటికి అనుదీప్ తన పని చేస్తాడు. అంతే."

ఫోన్ కట్ అయింది. అప్పుడు కేదార్‌కి అసలు సంగతి తట్టింది. విజయరాణి ఇక్కడుంటే, రాగసుధ ఆమెను ఎక్కడ చూసినట్టు?

అమీర్‌పేటలో మారువేషం కష్టం కాదు. స్టేషన్ కింద కోర్సుల పాంప్లెట్లు పంచే కుర్రాడి దగ్గర ఒక కట్ట, టోపీ తీసుకున్నాడు. 'డేటా సైన్స్, గ్యారంటీ ప్లేస్‌మెంట్.' ఆ కట్ట చేతిలో ఉంటే ఆ ప్రాంతంలో మనిషిని మనిషి చూడడు, ముఖం తిప్పుకుని పోతాడు.

హాస్టళ్ళ గల్లీలో బుచ్చయ్య కర్రీ పాయింట్ ముందు సాయంత్రపు రద్దీ. కేదార్ వరసలో నిలబడి రాగసుధ 'జార్జియా' నంబర్‌కి డయల్ చేశాడు.

వరసలో ముందు, ముఖానికి చున్నీ చుట్టుకున్న ఒక హాస్టల్ అమ్మాయి సంచిలో ఫోన్ మోగింది.

ఆమె పక్కకి జరిగి ఎత్తింది. "చెప్పు కేదార్. ఇక్కడ చలి కొరికేస్తోంది."

"అమ్మా! గోంగూర అయిపోయింది, దొండకాయ ఇయ్యాల్నా?" బుచ్చయ్య కేక కేదార్‌కి ఒక చెవిలో నేరుగా, రెండో చెవిలో ఫోన్ గుండా వినబడింది.

"సిగ్నల్ సరిగా లేదు," అంది రాగసుధ.

"చలి జాగ్రత్త," అన్నాడు కేదార్.

గుండె మాత్రం మండింది. ఎన్నో రాత్రులు ఆమె మాట మీదే ప్రాణాలు పెట్టి నడిచాడు. ఆమె మన మనిషిలా నటిస్తూ మెరిడియన్‌కి పనిచేస్తోందన్నమాట.

ఆమె ప్యాకెట్లు తీసుకుని గల్లీ చివర మూతబడ్డ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లోకి వెళ్ళింది. మెట్ల దగ్గర ఒక బండ మనిషి అడ్డొచ్చాడు.

"డేటా సైన్స్ నేర్చుకుంటారా సార్?" కేదార్ పాంప్లెట్ చాపాడు. కాగితం కింద పెన్ను, పెన్నులో మత్తు సూది. వాడు ప్లేస్‌మెంట్ గురించి అడగకుండానే మెట్ల మీద నిద్రపోయాడు.

పై అంతస్తులో తలుపు సందు. కిటికీలు అట్టలతో మూసేసిన గది. గోడకి కిటికీలా అమర్చిన మంచుకొండల ఫ్లెక్సీ, దాని వెనక ట్యూబ్‌లైట్లు. ముందు విజయరాణి. ఎదురుగా స్టాండుకి ఫోన్, వీడియో కాల్ మొదలైపోయింది. కెమెరాకి కనబడకుండా రాగసుధ ఆమె పక్కటెముకలకి తుపాకీ ఆనించింది.

ఫోన్‌లో శివరాములు మాటలు సాగదీస్తున్నాడు. "తిన్నవా? బీపీ గోలి ఏసుకున్నవా? ఆడ చలి ఎట్లున్నది..."

"చాలు. ఇమ్మను," రాగసుధ గుసగుసలాడింది.

"ఇస్తున్న, ఇస్తున్న. ఆమెనేం జెయ్యకుండ్రి," అన్నాడు శివరాములు. ఫోన్ తెర మీద ఆయన పిడికిలి తెరుచుకుంటోంది.

తలుపు నుంచి ఆ తుపాకీ దాకా దూకేలోపే ఆమె మీట నొక్కుతుంది. కేదార్ కళ్ళు గోడలన్నీ వెతికాయి. వరండాలో కరెంటు మీటర్, దాని పక్కన మెయిన్ స్విచ్. కిందికి లాగాడు.

కజ్బెగి కొండలు ఆరిపోయాయి.

చీకట్లో విజయరాణి గొంతు గల్లీ చివర దాకా వినబడింది. "ఇయ్యకు! నేను అమీర్‌పేటల్నే ఉన్న!"

తుపాకీ పేలింది. పైకప్పు పెచ్చులు రాలాయి, ఎందుకంటే ఆపాటికి కేదార్ రాగసుధ మణికట్టు పట్టుకుని పైకి తోశాడు. వెంటనే ఠంగుమని ఒక మోత. రాగసుధ కూలింది. లైట్లు వేసి చూస్తే విజయరాణి రెండు చేతులా కుక్కర్ పట్టుకుని నిలబడి ఉంది. గదంతా అన్నం మెతుకులు.

మాల్‌లో శివరాములు ఫోన్ తెర మీద కొండలు ఆరిపోవడం చూశాడు, భార్య కేక విన్నాడు, పిడికిలి బిగించాడు. పెన్‌డ్రైవ్ కోసం చెయ్యి చాపిన మెరిడియన్ మనిషి లేచేలోపు అనుదీప్ అతని మీద పడ్డాడు.

శివరాములు ఆటోలో వచ్చి దిగేసరికి విజయరాణి బుచ్చయ్య బల్ల మీద కూర్చుని ఉంది. ఆయన పరుగున దగ్గరికొచ్చాడు. నడి గల్లీలో, అంతమంది హాస్టల్ పిల్లల ముందు, ఆమె చెయ్యి పట్టుకుని బోరున ఏడ్చాడు.

"కుక్కర్ ఫోటోలోకి ఎలా వచ్చింది?" అడిగాడు కేదార్.

"నేనే కాలుతోని జరిపిన," అంది విజయరాణి. "గింత పెద్ద గ్రూపుల ఒక్కరన్న అంచు జూస్తరేమో అనుకున్న. అందరు కొండలు జూసిన్రు."

చీఫ్ ఫోన్ చేశాడు. చాలాసేపు గొంతు సవరించుకుని, ఇకపై బ్రీఫింగుల్లో ఫోటోల అంచులు కూడా చూద్దామన్నాడు.

ఈలోగా విజయరాణి తన ఫోన్ తెరిచి గ్రూపులో ఆ ఫోటో కింద సరైన జవాబు టైప్ చేసింది: 'అమీర్‌పేట, బుచ్చయ్య కర్రీ పాయింట్ గల్లీ.' నిమిషం తిరగకుండా అడ్మిన్ రవికాంత్ నుంచి సమాధానం వచ్చింది. చదివి ఆమె ముఖం ఎర్రబడింది. కిడ్నాప్ చేసినవాళ్ళ మీద కూడా అంత కోపం రాలేదు.

జవాబు తప్పట, అది కజ్బెగియేనట. ఆ చోటికి ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళే చెప్పాలట.