సత్తుగిన్నె చారు

తోటకూర వేపుడు ఒక ముద్ద పడిందో లేదో, శోధకంచం గొంతు విప్పింది.

"కాడ్మియం ఉంది. రెండు ముద్దలకు మించవద్దు," అంది, ఇల్లంతా వినపడేలా.

"నోర్ముయ్యే," అని నూకరత్నం కంచాన్నే కసిరింది. కసిరితే ఊరుకునే రకమా అది! పెదగెడ్డపేటలో ఏ ఇంట్లోనైనా పొద్దుటి తిండి ఇలాగే సాగుతుంది. కంచం చెబుతుంది, జనం వింటారు. బూడిద చెరువులూ బ్యాటరీలు కరిగించే కొట్లూ యాభై ఏళ్ళపాటు ఆ నేలలోకి వదిలినదంతా ఇప్పుడు ఆకుకూరల్లో, చేపల్లో, బావినీళ్ళలో మళ్ళీ మనుషుల దగ్గరికే వస్తోంది. అందుకని ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ మణికట్టు చర్మం కింద సెనగగింజంత లోహదర్శిని పెడతారు. ఒంట్లో సీసం, పాదరసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఎంతెంత చేరాయో చూసి, అన్నిటికీ కలిపి అది ఒకే అంకె చూపిస్తుంది. దాని పేరు లోహాంకం.

రత్నం ఎనిమిదేళ్ళ కూతురు హంస చెయ్యి లాక్కుని చూసింది. ముప్పై ఎనిమిది. నిన్నా అంతే, మొన్నా అంతే.

"ఇంకా ముప్పై ఎనిమిదేనా!" అంది నీరసంగా.

"పెరగకపోతే మంచిదే గదా?" అన్నాడు మొగుడు సన్యాసిరావు.

"ఏటి మంచి? రెండంకెలు పెరిగితే మనకీ కుళాయి వచ్చును. అదిగో, ఇను!"

గోడ అవతల చిన్న బిందెలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వింటే చాలు, రత్నం కడుపు రగిలిపోతుంది.

గోడ అవతలిది తోడికోడలు పైడితల్లి ఇల్లు. ఒకప్పుడు రెండూ ఒకటే. అన్నదమ్ములు వేరుపడ్డాక మధ్యలో గోడ లేచింది. నాలుగు నెలల కిందట పైడితల్లి కూతురు లిఖితకు లోహాంకం నలభై దాటింది. మర్నాడే వాళ్ళింటికి గిరిజలం కుళాయి వచ్చింది. కొండమీది శుద్ధికేంద్రంలో లోహమంతా తీసేసిన నీళ్ళవి. రోజుకు ఒక చిన్న బిందెడు వస్తాయి. ఊరందరికీ చాలవు కాబట్టి, ఎవరికివ్వాలో జలసమం అనే యంత్రం తేలుస్తుంది. ఇంట్లో పిల్లల లోహాంకం నలభైకి చేరితే ఆ ఇంటికి కుళాయి బిగిస్తారు. ఇరవై అయిదుకు దిగితే విప్పి, వరసలో ఉన్న మరో ఇంటికి పెడతారు. సిఫారసు లేదు, లంచం లేదు, నాయకుడి బంధువని ముందుకు తోసేది లేదు. ఆ యంత్రం వచ్చిన రోజున ఊరంతా చప్పట్లు కొట్టింది. రత్నం కూడా అరచేతులు మండేలా కొట్టింది.

ఇప్పుడు ఆ యంత్రం కూడా పైడితల్లి పక్షమే అని ఆమెకు గట్టి నమ్మకం. పైడితల్లికి అన్నీ ముందే వస్తాయి మరి! పెద్దకోడలు. అత్త ఉన్నన్నాళ్ళూ ఏం అడిగినా "పెద్దదాన్ని అడుగు" అనేది. వేరుపడ్డప్పుడు వీధివైపు గదులు వాళ్ళకు, చీకటి వంటగది వీళ్ళకు. రత్నం పోట్లాడి తెచ్చుకున్నది ఒక్కటే, అత్త సత్తుగిన్నె. ఆ గిన్నెలో మరిగిన చారుకు వచ్చే రుచి మరి దేనిలోనూ రాదని వీధి వీధంతా ఒప్పుకునేది. తర్వాత శోధకంచాలు వచ్చాయి. పాత సత్తులో సీసం కలిపి పోతపోశారని, చింతపండు పులుపు తగిలితే అది చారులోకి దిగుతుందని తేలి, అలాంటి గిన్నెలన్నీ ఇచ్చెయ్యమని బండి పంపారు. అందరూ ఇచ్చేశారు. రత్నం మాత్రం గుడ్డచుట్టి అటకమీద దాచింది. తన వాటాకు వచ్చిన ఒక్క వస్తువునూ బండిలో పడెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆ సాయంత్రం హంసను పిలవడానికి వీధిలోకి వెళ్ళింది. పైడితల్లి అరుగుమీద పిల్లలిద్దరూ అచ్చనగాయలు ఆడుతున్నారు. హంస చెయ్యి చూడముచ్చటగా ఉంటుంది. ఒక రాయి ఎగరేసి, అది దిగేలోపల కింద నాలుగూ ఊడ్చేసి, పైదాన్ని పట్టేస్తుంది. ఆట మధ్యలో హంస లిఖిత బాటిల్ ఎత్తి నీళ్ళు తాగుతోంది.

"ఎవరి నీళ్ళవి?" అని గద్దించింది రత్నం.

"మావే సెల్లీ, తాగనీ. గుంటకి దాహమేసింది," అంది పైడితల్లి చాట పక్కన పెడుతూ.

"మాకేటి నీళ్ళు లేవా? నీ కుళాయి గొప్ప మాకు సూపించాలా? ముష్టి వెయ్యడానికి నా కూతురే దొరికిందేటి నీకు?"

"ఏటి మాటలే అవి?"

రత్నం వినలేదు. హంసను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఇక ఆ అరుగెక్కితే కాళ్ళు విరగ్గొడతానంది. బళ్ళో లిఖిత పక్కన కూర్చోకూడదు, అది ఏమిచ్చినా పుచ్చుకోకూడదు అని ఒట్టు వేయించుకుంది.

మర్నాడు సన్యాసిరావు పనికి వెళ్ళగానే అటకెక్కింది. రెండంకెలు పెరిగితే చాలు. కుళాయి వస్తుంది. ఆ నీళ్ళు తాగితే అన్నీ దిగిపోతాయి. నాలుగు రోజులు చారు పోస్తే కొంపలేం మునుగుతాయి? తన అత్త డెబ్భై ఏళ్ళు ఇదే గిన్నెలో తాగింది కదా! ఇలా తనకు తానే సర్దిచెప్పుకుంటూ చింతపండు పిసికింది. పోపు వేస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గోడ అవతల బిందె చప్పుడైంది. చెయ్యి మళ్ళీ కదిలింది.

కంచంలో పోస్తే కంచం అరుస్తుంది. అందుకని అన్నం అయ్యాక, "దోసిలి పట్టు," అంది. ఆ ఇంట్లో చారు ఎప్పుడూ దోసిట్లో పోసుకుని జుర్రడమే అలవాటు. హంస దోసిలి పట్టి గుటకలు వేసింది.

"అమ్మా, ఇదేం చారే! ఇంకొంచెం పొయ్యవా?"

కంచం ఏమీ అనలేదు.

రత్నం రోజూ నిద్రలేవగానే హంస మణికట్టు చూసేది. ముప్పై ఎనిమిది. వారమైనా ముప్పై ఎనిమిదే. ఇక్కడే ఆమె పొరబడింది. ఒక్కపూట తిండికే అంకె ఎగిరి జనం బెదిరిపోకుండా, లోహదర్శిని మండలం రోజుల సగటునే చూపించేలా తయారుచేశారు. నలభై రోజులనాటి మంచినీ నిన్నటి చెడ్డనూ కలిపి చెబుతుంది. ఇవాళ ఒంట్లోకి దిగింది ఇవాళ కనపడదు. ఆ సంగతి కాగితంలో రాసే ఇచ్చారు. కాగితాలు ఎవరు చదువుతారు? పులుపు చాలలేదేమోనని రత్నం ఇంకొంచెం చింతపండు వేసింది, ఇంకాసేపు మరిగించింది.

ఇరవై రోజులకు ముప్పై తొమ్మిది అయింది. ముప్పయ్యో రోజున నలభై నాలుగు. రత్నం ఎగిరి గంతేసి, గిన్నె కడిగి అటకెక్కించేసింది.

రెండు రోజుల్లో కుళాయి మనుషులు వచ్చారు. ముందు పక్కింటికి వెళ్ళి అక్కడిది విప్పారు. దాన్నే తెచ్చి రత్నం గోడకు బిగించారు. లిఖిత లోహాంకం ఈ మధ్య జరజరా దిగి ఇరవై నాలుగైందట.

"అదేటి, అన్నాళ్ళు దిగనిది ఇప్పుడే దిగిందా?" అన్నాడు సన్యాసిరావు.

"దిగనీ. వాళ్ళ వంతు అయిపోనాది," అంది రత్నం. బిందె నిండుతున్న చప్పుడు ఈసారి తన ఇంట్లో వినపడింది. గోడ అవతల పైడితల్లికి వినపడాలని బిందెను కావాలని ఎత్తిపట్టింది. పెళ్ళైనప్పటి నుంచీ ఇంత సంతోషం ఆమె ఎరగదు.

చారు మానేసినా అంకె మాత్రం ఆగలేదు. యాభై రెండు. అరవై మూడు. డెబ్భై ఒకటి. పాత మంచి రోజులు సగటులోంచి ఒక్కొక్కటే జారిపోయి, చారు రోజులు మిగిలాయి. హంస అన్నం సగంలో వదిలేస్తోంది, పొట్టలో నొప్పంటోంది. ఒకరోజు ఒక్కత్తీ కూర్చుని అచ్చనగాయలు ఆడుతుంటే రత్నం చూసింది. రాయి ఎగిరింది. హంస చెయ్యి లేచింది కానీ మణికట్టు దగ్గర వాలిపోయింది. రాయి నేలమీద పడి దొర్లింది. హంస మళ్ళీ ఎగరేసింది. మళ్ళీ పడింది.

"అమ్మా, నా చెయ్యి మాట ఇనడం లేదే," అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి కళ్ళజోడు తీసింది. "సీసం. రక్తంలోది మందులతో దింపుతాం. కొంత ఎముకల్లోకి వెళ్ళిపోయింది, అది ఏళ్ళకేళ్ళు అక్కడే ఉంటుంది. చెయ్యి ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను. ఏం పెట్టావమ్మా పిల్లకి?"

"కంచం ఏమీ అనలేదండీ," అంది రత్నం.

రత్నం తల దించుకుంది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పైడితల్లి నిలబడి ఉంది, వెనక లిఖిత. కుళాయి పోయాక మాటలనడానికి వచ్చిందనుకుంది రత్నం. పైడితల్లి చేతిలో రెండు ఖాళీ బాటిళ్ళు ఉన్నాయి.

"ఇందులో ఒకటి హంసదే. ఇకనుంచి నీ ఇంట్లోనే నింపు, అందుకే తెచ్చినాను," అంది. "రోజూ బిందెలో సగం దానికే పోసేదాన్ని. బడికో బాటిలు, బడినుంచి వచ్చాక అరుగుమీద తాగినన్ని. నాలుగు నెలల్నుంచీ అంతే."

"సగమా?" అంది రత్నం.

"ఇద్దరూ పిల్లలే గదా. సగం సగం తాగబట్టి మా దానిది మెల్లిగా దిగింది, మీ దానిది పెరక్కుండా నిలబడింది. నువ్వు మానిపించినాక మా గుంటే అన్నీ తాగింది. బేగి దిగిపోయింది, కుళాయి తీసుకుపోనారు."

"మరి నాకెందుకు సెప్పలేదు అప్పా?"

"సెప్తే తాగనిచ్చేదానివా?"

ఊరందరి ఒంట్లో ఏముందో అణువణువూ లెక్కగట్టే యంత్రానికి ఈ సగం బిందె సంగతి తెలియలేదు. గోడకు ఇవతల ఉన్న రత్నానికీ తెలియలేదు. ఆమె అటకెక్కి, గుడ్డ విప్పి, గిన్నె తెచ్చి పైడితల్లి కాళ్ళ దగ్గర పెట్టింది. చెప్పవలసిందంతా ఏడుస్తూనే చెప్పింది.

పైడితల్లి గిన్నెను చూసింది, వాలిపోయిన హంస చేతిని చూసింది. ఆమె మొహం నల్లబడింది.

"నీ కడుపుమంట నా మీద గదే," అంది. "నన్ను తిట్టు, నా ఇంటిమీద మన్ను పొయ్యి, నీ ఇష్టం. ఆ గుంట ఏటి సేసిందే నీకు?"

పైడితల్లి తానే లోపలికి నడిచి, బిందె వంచి, బాటిళ్ళు రెండూ సమంగా నింపింది.

హంసకు బాటిల్ పట్టుకోవడం రాలేదు. "దోసిట్లో పొయ్యి పెద్దమ్మా," అంది. వేళ్ళు దగ్గరకు రాక నీళ్ళు సందుల్లోంచి కారిపోయాయి. అప్పుడు లిఖిత ఎవరూ చెప్పకుండానే తన రెండు చేతులూ హంస చేతుల కింద పెట్టి బిగించి పట్టింది. హంస వంగి తాగింది. తాగి, తడి మూతితో అమ్మవైపు తిరిగింది.

"అమ్మా, ఈ నీళ్ళతో ఆ గిన్నెలో చారు పెట్టవా? లిఖితకి కూడా పోద్దాం."