చివరి చరణం

"ఇది మా కోడలి వాయింపే! ఏమ్మా, నువ్వేగా?"

గది అదిరేలా మోగుతున్న స్పీకర్ల వైపు వియ్యపురాలు మురిపెంగా చూస్తోంది. ఆ కోడలి తల్లి చేతిలోని ట్రేలో టీ ఒలికిపోయింది. ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు... కానీ ఇలా, అందరి ముందూ వస్తుందనుకోలేదు.

ఒకప్పుడు మెడలో గిటారుతో వేదికలు దద్దరిల్లేలా పాడిన రాక్ గాయని ఆమె. బృందం ముక్కలైంది, ఊపిరితిత్తుల జబ్బు మంచాన పడేసింది. లేచి కూర్చోగానే, "పోయేలోగా నా ఒక్కదాని పేరుతో ఒక్క ఆల్బమ్!" అని పట్టుబట్టింది. పాత స్నేహితులు అతిథులుగా వచ్చి తలో పాటకూ వాయించి వెళ్లారు. చివరి పాటకు డ్రమ్స్ మాత్రం కూతురిదే. పసిబిడ్డను అత్తగారికి అప్పజెప్పి, బస్సులు మారి స్టూడియోకు వచ్చింది పిచ్చితల్లి! కానీ తను పాడుతుంటే, చివరి చరణంలో కూతురి వాయింపు వేగం తగ్గిపోయేది. ఎన్నిసార్లు వాయించినా అక్కడే, అలాగే! ఆ మాట పిల్లతో అనడానికి నోరు రాలేదు. అందరూ పిడుగు అని పిలిచే పేరుమోసిన డ్రమ్మర్‌ను రప్పించి వాయింపజేసింది. దాని మీద తనూ మళ్లీ పాడింది. కూతురికి ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రోజులు గడిపేసింది. విడుదలకు ముందు ఇంటివాళ్లంతా వినాలని ఇవాళ పిలిచిందీ తనే!

అది తన వాయింపు కాదని, పిడుగుదని కూతురు మొదటి దెబ్బకే పోల్చుకుంది. తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపుకి తల్లి నిలువునా చచ్చిపోయింది.

"అవునత్తయ్యా... నేనే," అంది కూతురు నవ్వుతూ.

బిడ్డకు పాలు కలపడానికి కూతురు వంటింట్లోకి వెళ్తే, తల్లి వెనకాలే పరుగెత్తింది.

"అబద్ధమెందుకే ఆడావు? నాలుగు తిట్టినా బాగుండేది తల్లీ!"

"వాళ్ల ముందు నీ పరువు తీయమంటావా?" ఇటు తిరగకుండా సీసా కడుగుతూ అంది. "పిడుగు గారు చాలా బాగా వాయించారులే. కానీ అమ్మా, చివర్లో నీ గొంతు విన్నావా? రొప్పుతున్నావు..."

"అంటే...?"

"నాకు తాళం తప్పలేదమ్మా. నీకు ఊపిరి అందడం లేదని నెమ్మదించాను. స్టూడియో అద్దం అవతల పాడుతూ నువ్వు ఛాతీ పట్టుకుంటుంటే ఎలా వాయించుకుంటూ పోను?" సీసా బోర్లించి ఇటు తిరిగింది. "అడిగితే చెప్పేదాన్ని. నువ్వు అడగనే లేదు!"

ఛీ, ఏం తల్లిని నేను! కన్నబిడ్డ నా కోసం నెమ్మదిస్తే, అది చేతకానితనం అనుకున్నాను... కళ్లు తుడుచుకుని గబగబా హాల్లోకి వచ్చింది.

"వదినగారూ! ఆ వాయించింది మీ కోడలు కాదు. దానిది నేనే తీసేయించాను... దానికి చెప్పకుండా."

"అయ్యో, అదేం పని వదినా!" వియ్యపురాలు నోరెళ్లబెట్టింది.

తల్లి అక్కడే, అందరూ వింటుండగానే రికార్డింగ్ చేసినాయనకు ఫోన్ చేసింది.

"అమ్మాయి వాయించింది, దాంతో నేను పాడింది ఉన్నాయా?"

"భద్రంగా ఉన్నాయండీ. కానీ చివర్లో వేగం పడిపోతుంది. వినేవాళ్లు తప్పనుకుంటారు."

"అనుకోనీ బాబూ! అదే పెట్టండి. పిడుగు గారి కాళ్లావేళ్లా నేను పడతాను."

తల్లి ఏడుపుకు దగ్గు తోడైంది. కూతురి ముఖంలో అలక ఇంకా పోలేదు. అయినా మంచినీళ్లు తెచ్చి తల్లి నోటికి అందించి, ఆమెకు దగ్గు తగ్గి, తాగడం పూర్తయ్యేదాకా గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.