నలభై సెకన్ల అనుమానం

"ఇది రాసింది ఎవరు?"

తలుపు దగ్గర నిలబడి అడిగిన మనిషి తల నుంచి కాళ్ల దాకా తడిసి ఉన్నాడు. చేతిలోని కాగితం మాత్రం తడవలేదు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మరీ తెచ్చాడు. సూరత్‌లో, ఉధనాలోని తెలుగు సమాజం హాల్లో ఆ సాయంత్రం ఇద్దరే ఉన్నారు. ఒకరు చెస్ జట్టుకు పెద్దదిక్కు నరహరి. రెండోవారు పిల్లలకు చెస్ నేర్పే నవత. ప్రశ్న వినగానే నరహరి కిటికీలోంచి వానను చూడటం మొదలుపెట్టాడు. రాసింది ఎవరో చెప్పకనే చెప్పినట్టయింది.

"నేనే," అంది నవత. "మీరెవరు?"

"రఘుపతి. నెట్‌ల 'జోల్వా ఎక్స్‌ప్రెస్' అంటే నేనే."

ఎవరి గురించైనా రాయడం సులువే. రాయించుకున్నవాడు ఎదురుగా వచ్చి నిలబడితేనే కష్టం.

విషయం ఏమిటంటే, మరో మూడు వారాల్లో సూరత్‌లోని సమాజాల మధ్య చెస్ పోటీ. జట్టుకు నలుగురు. తెలుగు సమాజం నుంచి ఎనిమిది మంది పేర్లిచ్చారు. వాళ్ల ఆన్‌లైన్ ఆటలు చూసి, ఎవరు ఎలా ఆడతారు, ఏం దిద్దుకోవాలి అని తలా ఒక పేజీ రాయమని నరహరి నవతను అడిగాడు. ఏడుగురికి ఆమె రాసింది దాదాపు ఒకటే: రోజూ ఆడాలి, తొందర తగ్గించుకోవాలి. ఎనిమిదోవాడు జోల్వా ఎక్స్‌ప్రెస్. రేటింగ్ రెండు వేల రెండు వందల పైచిలుకు. మిగతా వాళ్లకు అందనంత ఎత్తు.

అతని పేజీ పైసగమంతా మెప్పే. ఓపిక గల ఆట. బంట్లను చెదరనివ్వడు. చివర్లో రూక్‌లను నడిపించే తీరు ముచ్చటగా ఉంటుంది. కిందికి వచ్చేసరికి మాత్రం ఆమె ఇలా రాసింది: "సులువైన చోట కూడా ముప్ఫై, నలభై సెకన్లు ఆగిపోతాడు. ఆ వెంటనే మంచి ఎత్తు వేస్తాడు. పక్కన కంప్యూటర్ పెట్టుకుని ఆడుతున్నాడేమో చూసుకోవాలి."

నరహరి చూసుకోలేదు. పేరు కొట్టేసి, ఆ కాగితం అతనికే పంపించాడు. ఎందుకు కొట్టేశాడో నలుగురికి చెప్పాడు. ఖాళీ అయిన నాలుగో స్థానంలో నవతనే వేశాడు.

"తమ్మీ," అన్నాడు నరహరి ఇప్పుడు వాన చూడటం చాలించి, "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గిట్ల ఉరికొస్తె ఎట్ల?"

"పేరు పెట్టి దొంగ అన్నంక ఉరికిరాక ఏం జేస్తరన్నా?" రఘుపతి నవత వైపు తిరిగాడు. "కార్ఖానల అందరు నన్ను 'కంప్యూటర్, కంప్యూటర్' అని పిలుస్తున్నరు మేడం. మా అమ్మకు చెస్ అంటే ఏందో తెల్వది. దొంగ అంటే ఏందో మాత్రం తెలుసు."

"మరి ఆ నలభై సెకన్లు మీరేం జేస్తున్నరు?"

"పని."

"ఏం పని?"

అతను నరహరిని ఒకసారి చూసి తల దించుకున్నాడు. "నా పని."

ఆ జవాబు నవతకు నచ్చలేదు. "ఐతే ఒక ఆట ఆడి చూపిస్తరా? ఇక్కడ, ఇప్పుడే?"

అతను తల తుడుచుకోకుండానే కూర్చున్నాడు. హాలంతా నిశ్శబ్దం. ముప్ఫై నాలుగో ఎత్తుకు నవత గెలిచింది. అంత సులువుగా గెలుస్తానని ఆమే అనుకోలేదు.

రఘుపతి లేచాడు. "ఓడిపోయిన. కని దొంగనైతె కాదు." ఆ మాట అని మళ్లీ వానలోకి వెళ్లిపోయాడు. కవర్లోని కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

"చూసినవా?" అన్నాడు నరహరి. "నెట్‌ల పులి, బల్ల మీద పిల్లి."

నవత నవ్వలేదు. గెలిచిన సంతోషం కూడా కలగలేదు. అతను ఓడిపోయిన తీరే ఆమెకు మింగుడుపడలేదు.

మర్నాడు పొద్దున క్లాసు మొదలుకాక ముందే ఆమె అతని పాత ఆటలు ముప్ఫై దాకా తెరిచింది. నిన్న బల్ల మీద చూసిందే అన్నిట్లోనూ కనిపించింది. ఎదుటివాడు ఒక బంటును బెదిరిస్తే చాలు, రఘుపతి పరుగున వెళ్లి దాన్ని కాపాడతాడు. గుర్రాన్ని అదిలిస్తే వెనక్కి తీసుకుంటాడు. అవతల రాజు చేతికి అందేంత దూరంలో ఉన్నా సరే, ముందు ఆ చిన్న బెడద తీరిస్తేగాని అతనికి తోచదు. గెలిచే ఆటలు ఎన్నో అలాగే డ్రా చేసుకున్నాడు.

కంప్యూటర్ అలా ఆడదు. పెద్ద లాభం కనిపిస్తే ఒక బంటు పోయినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పక్కన యంత్రం ఉన్నవాడు ఒక బంటు కోసం గెలుపును వదులుకోడు. అంటే ఈ ఆట, ఈ తప్పులు అన్నీ అతని సొంతం. తను ఒక నిజాయితీపరుణ్ణి దొంగను చేసింది. నవత చేతిలోని చాయ్ చల్లారిపోయింది.

మరి ఆ నలభై సెకన్ల సంగతి? అది మాత్రం ఎంత ఆలోచించినా తెగలేదు. అతను పేరిచ్చిన ఫారం మీద కార్ఖానా చిరునామా ఉంది. ఈసారి చూడకుండా ఏదీ అనుకోకూడదని, ఆమె కడోదరా దాకా బస్సులో, అక్కణ్ణుంచి జోల్వాకు షేర్ ఆటోలో వెళ్లింది.

కార్ఖానా ఎదురుగా చాయ్ బండి. బండి దగ్గర బెంచీ. బెంచీ మీద కూర్చుంటే జాలీ కిటికీలోంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, వరసగా కనిపిస్తాయి. ఆ మగ్గాల మోతకు బండివాడితో చాయ్ చెప్పడానికి కూడా వేళ్లు చూపించాల్సి వచ్చింది. రఘుపతి ఎనిమిది సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. దారపు కోన్ల వెనక, కిటికీ గట్టు మీద అతని ఫోన్ దాచి ఉంది. నవత తన ఫోన్ తీసింది. జోల్వా ఎక్స్‌ప్రెస్ ఆట నడుస్తోంది.

ఐదో సాంచా ఆగి, దాని మీద ఎర్ర లైటు వెలిగింది. అతను ఫోన్ వదిలేసి పరుగెత్తాడు. వేల పోగుల్లో తెగిన పోగును వెతికి పట్టుకుని, ముడివేసి, సాంచా నడిపించి, తిరిగి వచ్చి ఎత్తు వేశాడు. నవత ఫోన్లో గడియారం చూసింది. ముప్ఫై ఎనిమిది సెకన్లు.

కాసేపటికి రెండో సాంచా. నలభై ఒకటి.

ఆమె తండ్రి సోమలింగం పాతికేళ్లుగా కడోదరాలో సాంచాలు నడుపుతున్నాడు. తెగిన పోగును చూసీ చూడనట్టు వదిలేస్తే గుడ్డంతా పాడవుతుందని ఆమెకు ఐదేళ్లప్పుడే తెలుసు. బాపు ఇంట్లో అన్నం తింటూ కూడా ఏదైనా చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచేవాడు. రఘుపతి బంటుకు బెదిరింపు రాగానే పరుగెత్తేది కూడా అందుకే. పొద్దంతా చేసే పనే చేతికి అలవాటై బల్ల మీదికి వచ్చింది. సాంచాల మోతలో పుట్టి పెరిగిన తనకు ఇది తట్టకపోవడమేమిటని నవతకు తల కొట్టేసినంత పనైంది.

చాయ్ వేళకు రఘుపతి బయటికి వచ్చాడు. ఆమెను చూసి ఆగిపోయాడు.

"కంప్యూటర్ వెతకనీకి వచ్చిన్రా మేడం?"

"ఆ. ఎనిమిది దొరికినయ్."

అతని మొహం మారిపోయింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకున్రి. లోపట ఫోన్ బంద్. సేఠ్‌కు తెలిస్తే పనికెల్లి తీసేస్తడు. నరహరన్న రోజూ ఈ కార్ఖానలకే దారం తెచ్చి ఇస్తడు. గందుకే నిన్న ఆయన ముంగట చెప్పలే."

"నేను చెప్ప," అంది నవత. "తప్పు నాది. చూడకుండ రాసిన. మాఫ్ చెయ్యున్రి."

అతను చాయ్ గ్లాసు ఖాళీ చేశాడు. "ఇంకో చాయ్ తాగుతరా?" అన్నాడు.

రెండో చాయ్ అయ్యేసరికి నవత అసలు మాటకు వచ్చింది. "ఇయ్యాల సాయంత్రం దాకా జట్టుల పేర్లు మార్చొచ్చు. నా పేరు తీసి మీ పేరు రాయిస్త."

"వద్దు. మీ జాగల నేను కూసోను."

"నా జాగ ఎట్లయితది? మీ మీద తప్పు రాస్తెనే గద అది నాకు వచ్చింది."

"మీరు నన్ను ఓడగొట్టిన్రు గద."

"ఆ హాల్ల సాంచాల సప్పుడు లేదు. నీకు ఇంటి మీద బెంగైనట్టుంది, గందుకే ఓడినవ్."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

ఆ సాయంత్రం నవత సమాజం గ్రూపులో అందరికీ కనబడేలా రాసింది: "రఘుపతి గారి గురించి నేను రాసింది తప్పు. ఆయన ఆటలు ముప్ఫై మళ్లీ చూశాను. అవి మనిషి ఆడిన ఆటలు. ఏ యంత్రమూ ఆ పొరపాట్లు చేయదు. నాలుగో బోర్డు ఆయనదే." ఫోన్ సంగతి, సాంచాల సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు.

నరహరి వెంటనే ఫోన్ చేశాడు. "మొన్న దొంగ అంటివి. ఇయ్యాల నీ జాగనే ఇస్తనంటున్నవ్. ఏంది చెల్లె కథ?"

"కథ ఏం లేదన్నా," అంది నవత. మాట తేలిగ్గానే వచ్చింది గాని చెవులు వేడెక్కాయి. కథ ఉంది.

ఆ తర్వాత మూడు వారాలూ రోజూ సాయంత్రం, డ్యూటీ దిగి స్నానం చేసి రఘుపతి హాలుకు వచ్చేవాడు. నవత ఎదుట కూర్చుని అతని బంట్లను కావాలని బెదిరించేది. అతని చెయ్యి అలవాటుగా కదిలేది. ఆమె స్కేలుతో వేళ్ల మీద తట్టేది.

"పోతె పోనియ్. అది బంటు, పోగు కాదు."

"చూస్త చూస్త ఎట్ల పోనిస్తం?"

"ముందు లెక్క చెయ్. నీ బంటు పోతె నీకేమైతది? నీ దెబ్బ తగిలితె ఆనికేమైతది?"

"నిన్ను చూస్తుంటె లెక్క సక్కగ రాదు," అన్నాడు ఒకరోజు.

"ఐతే బోర్డును చూడు," అంది ఆమె. ఆ రోజు మిగతా ఆట ఇద్దరూ చెడగొట్టారు.

పోటీ ఆదివారం, అడాజణ్‌లో. ఆఖరి రౌండులో రఘుపతి ఎదుట నలభై ఏళ్ల బ్యాంకు ఉద్యోగి కూర్చున్నాడు. నవత చూసేవాళ్ల తాడు వెనక నిలబడింది. గుంపులో ఎవరో తెలుగాయన, "గీనేనా కంప్యూటర్?" అని పక్కవాణ్ణి అడగడం ఆమె చెవిన పడింది. వారం రోజుల్లో ఊరంతా తిరిగిన మాట ఒక్క మెసేజీతో చెరిగిపోలేదు. రఘుపతి ఈ ఆట సరిగ్గా ఆడకపోతే ఆ మాట జన్మంతా అతన్ని వదలదు.

ఇరవై ఆరో ఎత్తుకు బ్యాంకాయన రూక్‌తో అంచున ఉన్న బంటును బెదిరించాడు. రఘుపతి చెయ్యి బంటును కాపాడటానికి లేచింది. గాలిలో ఆగింది. మళ్లీ ఒళ్లోకి వెళ్లింది. రెండు నిమిషాలు గడిచాయి. ఇక్కడ ఏ సాంచా ఆగలేదు, ఆ రెండు నిమిషాలూ అతను నిజంగానే ఆలోచించాడు. తర్వాత ఆ బంటును దాని ఖర్మకు వదిలేసి, నడుమ ఉన్న బంటును ముందుకు తోశాడు.

బ్యాంకాయన దొరికిన బంటును తీసుకున్నాడు. మరో పదకొండు ఎత్తులకు ఓటమి ఒప్పుకుంటూ గడియారం ఆపి, చెయ్యి చాపాడు. "బహు సరస్, భాయ్," అని గుజరాతీలో మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు.

జట్టుకు నాలుగో స్థానం వచ్చింది. కప్పులు మూడే ఉన్నాయి. నరహరి నిర్వాహకుల మీద కాసేపు సణిగి, తర్వాత అందరి ముందూ రఘుపతి భుజం పట్టుకున్నాడు. "తమ్మీ, నీ మీద మాట తూలిన. మనసుల పెట్టుకోకు." కంప్యూటర్ అన్నాయన కూడా వచ్చి చెయ్యి కలిపాడు. రఘుపతి కళ్లు చెమర్చాయి. అది దాచుకోవడానికి బూట్ల లేసు కట్టుకున్నాడు.

బయట వాన. వరండాలో ఇద్దరే మిగిలారు. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదని నవతకు తెలుసు. భయంగానే ఉంది. అయినా చెప్పింది.

"రఘుపతీ, నువ్వంటె నాకు ఇష్టం. ఒకసారి చూడకుండ నీ మీద రాసిన. గిది మాత్రం దగ్గరుండి చూసి చెప్తున్న."

రఘుపతి జేబులోంచి ఫోన్ తీసి వాళ్లమ్మకు వీడియో కాల్ చేశాడు.

"అమ్మా, గెలిచిన," అన్నాడు. "ఈమెనే నవత."

తెరంతా వాళ్లమ్మ సారక్క మొహమే. "గా కాగితం రాసిన పిల్లనా? జర ఇటు దిరుగు బిడ్డా. ఆడు ఒక వారమంత నిన్ను తిట్టిండు. అన్నం తినుకుంట తిట్టిండు, పన్నంక తిట్టిండు. ముక్కు మొహం తెల్వని మనిషిని గంతగనం ఎవడన్న తలుసుకుంటడా? నాకు అప్పుడే సమజైంది. మీ బాపు పేరేంది?"

"సోమలింగం. కడోదరాల సాంచాలు నడుపుతడు అత్తమ్మా."

'అత్తమ్మా' అని నోరు జారినందుకు నవత నాలుక కరుచుకుంది. సారక్క మాత్రం అది వినాల్సిన పిలుపే అన్నట్టు విన్నది. "మంచిది. వచ్చే ఐతారం మేమొస్తమని మీ బాపుకు చెప్పు. నీకు ఇష్టమైతెనే సుమా."

"నాకు ఇష్టమే. మీ కొడుకే ఇంక ఏం చెప్పలే."

"అమ్మ చెప్పినంక నేనేం చెప్పాలె?" అన్నాడు రఘుపతి.

"నువ్వు చెప్పాలె," అంది నవత. "నేను చెప్పలేదా?"

అతను వాన వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు, తప్పించుకునే దారి లేదని తెలుసుకుని ఆమెను చూశాడు. పొద్దంతా సాంచాల మోతలో అరిచి మాట్లాడే గొంతు కదా, ప్రేమ మాట కూడా ఆ స్థాయిలోనే వచ్చింది.

"నువ్వంటె నాకు పానం, నవతా!"

లోపల కుర్చీలు సర్దుతున్న నరహరి చప్పుడు ఆగిపోయింది. ఫోన్లోంచి సారక్క నవ్వు వినిపించింది.

"జోల్వా దాక వినొచ్చింది కొడుకా. ఇగ ఫోన్ పెట్టు!"

నవత మొహం రెండు చేతులతో కప్పుకుని నవ్వింది. రఘుపతి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఫోన్ పెట్టాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.