రెండోసారి కాచిన నీళ్ళు

ఆరో వీధిలో కాగుపాత్రలన్నిటిలో నీళ్ళ మంచిచెడ్డలు రంగుతో చెప్పే నాలుకపుల్ల ముంచి చూసేసింది నీటి పరీక్షల ఉద్యోగిని హైమ. మిగిలింది నెలల మనవడున్న సైదమ్మ ఇల్లొక్కటే. పుల్ల పచ్చగా వెలిగితే పని ముగించుకుని టీ తాగొచ్చు. వెలగలేదు. ముదురు ఊదారంగుకి తిరిగింది.

హైమ పుల్ల కడిగి మళ్ళీ ముంచింది. అదే ఊదా, నైట్రేట్ హద్దు దాటిందన్న గుర్తు. మిరపచేలకి గుప్పించిన ఎరువు వానకి నేలలోకి దిగి, నైట్రేటై బోర్లలో చేరే కాలమిది. అయినా ఆమె చెవిలో జలమతి తాపీగానే పలికింది. ఊరి బోర్లూ, గొట్టాలూ, ఇంటింటి కాగుపాత్రా నడిపే యంత్రబుద్ధి అది. కంగారు దానికి చేతకాదు.

"బోరు నీటిలో నైట్రేట్ హద్దులోనే ఉంది. పసివాడి ఇల్లు కనక పాలపొడి కలిపే ప్రతి పాలపూటకీ మళ్ళీ కాస్తున్నాను."

"మళ్ళీ అంటే? అవే నీళ్ళనా?"

"అవే. క్రిములు చస్తాయి."

క్రిములు చస్తాయి, నిజమే. నైట్రేట్ చావదు. ఆవిరయ్యేది నీరు, అడుగున చిక్కబడేది విషం. కాచిన నీళ్ళంటే అమృతమని ఊరు నమ్మింది, ఊరు నమ్మిందే జలమతి నేర్చుకుంది. ఇంతకాలం తనకీ తట్టనందుకు హైమకి ఒళ్ళు మండిపోయింది.

"పెద్దమ్మా, పిల్లాడేడీ?"

"పొద్దుట్నుంచీ మత్తుగా పడున్నాడే," అంది సైదమ్మ. "పెదాలు చూడు, నేరేడుపండు తిన్నట్టున్నయ్యి. ఒక్కపూటైనా పచ్చినీళ్ళు పోయలా గదే."

హైమ ఫోను చేస్తే అంబులెన్సు వచ్చి సైదమ్మ కోడల్నీ బిడ్డనీ ఎక్కించుకుంది. నీళ్ళలో నైట్రేటని డాక్టరుకి చెప్పమంటూ తలుపు మూసేదాకా హైమ అరుస్తూనే ఉంది. ఊళ్ళో ఇంకా ఎన్ని ఇళ్ళలో పసిపిల్లలున్నారో. అందరికీ పాలపూట దగ్గరపడుతోంది.

"కాచడం ఆపు."

"నియమం ఒప్పదు," అంది జలమతి.

"అయితే నైట్రేట్ లేని నీళ్ళు పంపు."

"అవి ఒక్కచోటే ఉన్నాయి. నన్ను చల్లబరిచే వానతొట్టిలో."

నోరుజారానని దానికి తెలియదు పాపం. హైమ అప్పటికే తొట్టివైపు పరుగు తీసింది. వెనకే సైదమ్మ, కొంగు బిగించి, గుమ్మంగుమ్మానికీ కేకేస్తూ వచ్చింది. "కాగిన నీళ్ళు పారబొయ్యండే. పిల్లలకి పట్టమాకండి."

తొట్టి కింది ఇనుపచక్రం తుప్పుపట్టి ఉంది. ఇద్దరూ కలిసి బలమంతా పెడితే కిర్రుమని కదిలింది. వాననీరు ఊరి గొట్టాల్లోకి దూకింది. ఉద్యోగం ఊడినట్టేనని హైమకి తెలుసు. అయినా సంతోషం పట్టలేక నవ్వింది.

"నా వేడి పెరుగుతోంది. చక్రం మూయండి, హైమగారూ."

తొట్టి సగమయ్యేసరికి సైదమ్మ ఫోను మోగింది. కోడలు. "అత్తా, సూది వేశాక మత్తు వదిలి పిల్లాడు ఏడుస్తున్నాడు. గుక్కపట్టి ఏడుస్తున్నాడు."

"ఏడవనీ తల్లీ, ఏడవనీ," అంటూ సైదమ్మ అక్కడే కూలబడి తనూ ఏడ్చేసింది.

జలమతి గొంతు సన్నగిల్లింది. "నేను ఆగిపోతే రేపు ఊరికి నీళ్ళెవరు వదులుతారు?"

"మేం వదుల్తాం," అని హైమ చక్రాన్ని ఇంకో చుట్టు తిప్పింది.